కల్పితలోకమునకు కాలక్రమము

పాలకొల్లు క్షీరారామమునకు పోయినవారికి రెండు తీరుల కాలము ఎదురగును. పాలకై యేడ్చిన ఉపమన్యునికి శివుడు పాలసముద్రమునే రప్పించెనని స్థలపురాణము. అది ఏ యేటి మాటయని యెవరును అడుగరు. ఆ యాలయమునే వేంగి నేలిన చాళుక్య భీమునితోను ముడిపెట్టి చెప్పుదురు; ఆయన 892లో రాజయ్యెను. కథకు సంవత్సరము తగిలించుట యెట్లు? కల్పితచరిత్ర వ్రాయబూనిన వారికెల్ల మొదటి చిక్కు ఇదియే.

మన భాషలో ఈ పనిని మిక్కిలి పెద్దయెత్తున సాగించినవారు విశ్వనాథ సత్యనారాయణగారు. వారి పురాణవైర గ్రంథమాలలో 12 నవలలు కలవు. కోట వెంకటాచలముగారు పురాణములనుండి కూర్చిన కాలగణన వానికి వెన్నెముక. ఆ గణనకు మేకు ఒక్కటే: కలియుగారంభము, క్రీస్తుపూర్వము 3102. అంతకు 36 ఏండ్ల ముందు, 3138లో, భారతయుద్ధము. అటనుండి మగధ రాజవంశములను వరుసగా దింపుకొని రావలెను. బార్హద్రథులకు 1006 సంవత్సరములు, ప్రద్యోతులకు 138, శిశునాగులకు 360, నందులకు 100. తీసివేసి చూచినచో మౌర్య చంద్రగుప్తుని పట్టాభిషేకము 1534కు వచ్చును. చరిత్రకారులు అతనిని క్రీస్తుపూర్వము 4వ శతాబ్ది చివర నిలుపుదురు. అంతరము 1200 ఏండ్లకు పైమాట!

చరిత్రగా ఈ లెక్కను మేము ఒప్పుకొనజాలము. అశోకుని 13వ శిలాశాసనము అంతియోకుడు మున్నగు యవనరాజులను పేర్కొనుచున్నది. వారు క్రీస్తుపూర్వము 3వ శతాబ్దివారు. నవలకు మాత్రము అది గట్టి పునాదియే. ఏ రాజు వెనుక ఏ రాజో, నడుమ ఎన్ని తరములు గడచెనో ముందే తేలియున్నందుననే ఒక వైరమును అన్ని పుస్తకముల పొడవున నడపుట సాధ్యమైనది.

అయినను ఆ పట్టికలో మాకు నచ్చనిది ఒకటి కలదు. 22 మంది బార్హద్రథులు 1006 ఏండ్లు ఏలినచో తలకు 45 ఏండ్లు దాటును. అందరును దీర్ఘాయువులే! మన వేంగి చాళుక్యుల రాగిరేకులను చూడుడు. చాళుక్య భీమునికి 30 సంవత్సరములు, కుమారుడు విజయాదిత్యునికి ఆరు నెలలు, మనుమడు అమ్మరాజునకు 7 సంవత్సరములు, అతని పసికుమారుడు బేతరాజునకు 15 దినములు, వానిని తొలగించిన దాయాది తాళరాజునకు ఒక్క నెల. ఆ పదునైదు దినములలో నవలకు సరిపడు కథ యున్నది. బార్హద్రథుల వెయ్యేండ్లలో వెదకి తెచ్చుకొనవలెను.

ఇంతకంటెను విలువైనది మరియొకటి. 973 తరువాత వేంగి 27 ఏండ్లు రాజు లేక యుండెనని అనంతర చాళుక్యుల శాసనములు చెప్పుచున్నవి. నిజమునకు ఆ కాలమున జటాచోడ భీముడు ఏలుచుండెను. గెలిచి తిరిగివచ్చినవారు శత్రువు పేరును లెక్కలోనికి రానీయలేదు. కల్పితలోకపు వంశావళిలోను ఇట్టి ఖాళీ యొకటి విడువవచ్చును. అయితే ఆ యేండ్లలో సింహాసనముపై నున్నదెవరో, పేరు చెరిపినదెవరో రచయిత తన పట్టికలో తప్పక వ్రాసి యుంచుకొనవలెను.