ధాన్యం లేని విస్తరి

(స్వర్ణోత్సవాల రెండో రోజు జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రెండు రోజుల్లో నన్ను పలకరించిన మిత్రుల్లో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: ‘అన్నం మానేస్తే షుగర్ పోతుందటగా, నిజమేనా?’ నేను వైద్యుడిని, పదేళ్లుగా మధుమేహం ఉన్నవాడిని. మూడేళ్లుగా బియ్యం, గోధుమ, జొన్న, రాగి ఏవీ ముట్టడం లేదు. కాబట్టి బల్లకు ఈ వైపు నుంచీ, ఆ వైపు నుంచీ కూడా మాట్లాడగలను.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహులు సుమారు 10 కోట్ల మంది. ఈ హాల్లో చేతులెత్తమంటే లెక్క ఎలా ఉంటుందో మీకే తెలుసు. మన భాషలో ‘భోజనం చేశావా’ అనడానికి ‘అన్నం తిన్నావా’ అంటాం. కూర, పప్పు, పులుసు అన్నీ అన్నం దిగడానికి నంజుళ్లే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు ఎన్నో ఇళ్లల్లో ఆకలి తీరింది. ఆ మేలు మరువరానిది. కానీ జొన్నరొట్టె, రాగిసంకటి తిన్న ఇళ్లల్లోకి కూడా మూడు పూటలా తెల్లన్నం వచ్చింది. అదే సమయంలో ఒంటి కష్టం తగ్గింది. నాగలి పట్టిన తాత తిన్నంత అన్నం, కుర్చీలో కూర్చునే మనవడికి అరగదు.

ఇక లెక్క చూద్దాం. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. గోధుమపిండి, జొన్న, రాగుల్లో 65 గ్రాముల అటూ ఇటూ. వాటిలో పీచు ఎక్కువ, అది మంచిదే. కానీ రాత్రి అన్నం మాని నాలుగు చపాతీలు తినేవారు ధాన్యం మానినట్టు కాదు. శనివారం ఒక్కపొద్దుండి రాత్రికి పళ్లెం నిండా ఉప్మా తినేవారూ అంతే. సగ్గుబియ్యం, కర్రపెండలం, బంగాళాదుంప ధాన్యాలు కావు, కానీ రక్తంలో చక్కెర పెంచడంలో బియ్యానికి తీసిపోవు.

మరి నేనేం తింటాను? పొద్దున బియ్యం కలపని పెసరట్టు, లేదా రెండు గుడ్లు. మధ్యాహ్నం గిన్నెడు ఆకుకూర పప్పు, రెండు కూరలు, పెరుగు. కూర నంజుడు కాదు, అదే భోజనం. సాయంత్రం శనగ గుగ్గిళ్లో, గుప్పెడు పల్లీలో. రాత్రి చేపో, పనీరో, బీరకాయ, సొరకాయ లాంటి కూరతో. మజ్జిగ ఎన్నిసార్లయినా. ఆర్నెల్లలో తొమ్మిది కిలోలు తగ్గాను. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 8.4 నుంచి 6.4కి దిగింది. మందులు తగ్గాయి, పూర్తిగా పోలేదు. మొదటి నెల కష్టంగానే గడిచింది. తలనొప్పి, మలబద్ధకం, అన్నిటికీ మించి పెళ్లి విందుల్లో ‘కాస్త పులిహోర అయినా తినండి’ అనే ఆప్యాయత.

ఇది అందరికీ మంత్రమా? కాదు. పిండిపదార్థాలు బాగా తగ్గించిన ఆహారంతో ఆరు నెలలకు మధుమేహం అదుపులో మంచి తేడా కనిపిస్తుందని, ఏడాదికి ఆ తేడా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఎక్కువ మంది అంతకాలం నిలబడలేరు. చరిత్ర కూడా ఒక మాట చెబుతుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు మూలం 1918లో కూనూరులో మెకారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన. ఆయన ఎలుకలకు వివిధ ప్రాంతాల భోజనాలు పెట్టి చూశారు. మరపట్టిన బియ్యం ప్రధానమైన మన దక్షిణాది భోజనం తిన్నవి బలహీనపడ్డాయి. బాగా ఎదిగినవి పంజాబు భోజనం తిన్నవి. అందులో గోధుమ రొట్టె ఉంది, దాంతోపాటు పాలు, వెన్న, పప్పులు, పచ్చి కూరగాయలు ఉన్నాయి. అంటే ధాన్యం విషం కాదు. విస్తరిలో మిగతావాటికి చోటు లేకుండా చేసినప్పుడే చేటు. అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో మనం తినే కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదంది.

ఇప్పుడు చెప్పేది దయచేసి శ్రద్ధగా వినండి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడుతూ ఒక్కసారిగా ధాన్యం మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళుతుంది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వేసుకునేవారు పిండిపదార్థం పూర్తిగా మానితే, షుగర్ మామూలుగా ఉన్నా రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. బీపీ మందులు కూడా తగ్గించాల్సి రావచ్చు. కాబట్టి మీ డాక్టరుతో మాట్లాడి, మందు మోతాదు మార్చుకున్నాకే విస్తరి మార్చండి. వీడియో చూసి ఆ రాత్రే మొదలుపెట్టకండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, పిల్లలకు ఈ పద్ధతి నేను చెప్పను.

మిగిలినవారికి నా సలహా తేలికైనది. ధాన్యం పూర్తిగా మానడం మీవల్ల కాకపోతే రాత్రి ఒక్క పూట మానండి. పగలు ముందు కూర, పప్పు తిని, అన్నం చివర గరిటెడు పెట్టుకోండి. తిన్నాక పదిహేను నిమిషాలు నడవండి. మూడు నెలలు చేసి పరీక్ష చేయించుకుని, ఆ కాగితం మీ డాక్టరుకు చూపించండి.

డెబ్బై దాటిన మా మాస్టార్లకు ఒక మనవి. బరువు తగ్గడమే ఆరోగ్యమని అన్నం మానేసి, మజ్జిగతో సరిపెట్టకండి. ఈ వయసులో కండ కరగకూడదు. అన్నం తగ్గించినంత మేర పప్పు, పెరుగు, గుడ్డు పెంచండి. మీ దగ్గర చదువుకున్న డాక్టర్లం ఈ హాల్లోనే చాలామందిమి ఉన్నాం. ఏ పూటైనా ఫోన్ చేయండి.