ముందు తేదీ చూడండి

విద్యార్థులారా! గ్రేట్ నికోబార్ దీవి ఎత్తుల పటాన్ని కంప్యూటర్‌లో తెరిచారనుకోండి. రంగులు చూసి మురిసిపోకండి; ముందు తేదీ చూడండి. చాలామంది వాడే ఎస్.ఆర్.టి.ఎం. సమాచారాన్ని 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌకలోని రాడార్ సేకరించింది. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఇందిరా పాయింట్ వద్ద నేల సుమారు 4.25 మీటర్లు కుంగి, దీపస్తంభం పాదం నీట మునిగింది. ఉత్తర అండమాన్‌లోనేమో తీరం పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. పాత ఎత్తులతో సునామీ ముంపు నమూనా కడితే, సముద్రం ఆక్రమించిన చోటే పొడినేలగా కనిపిస్తుంది. దాన్ని నమ్మి అక్కడ ఇళ్లు కట్టమంటే? పైగా దట్టమైన అడవిలో ఆ రాడార్ నేలదాకా చేరదు. చెట్ల ఎత్తునూ కొంత కలిపేస్తుంది. కాబట్టి భూకంపం తర్వాతి ఉపగ్రహ చిత్రాన్ని పక్కన పెట్టుకొని తీరరేఖను పోల్చండి. తేడా ఉన్నచోట ఎత్తులు సరిచేశాకే మీ నమూనాలోకి నీరు వదలండి.