ముద్రయు, నాణ్యమును
(నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



వస్తువులను కొనుట యను విషయము పంచాయతీ సభకు తగినదేనా యని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. బాటలు, మంచినీరు, వీధిదీపములు, పన్నుల వసూలు – వీనికే ప్రొద్దు చాలుట లేదు గదా, ఎవరింట ఎట్టి చీర కొనిన మనకేమి యని అడుగవచ్చును. కాని ఊరిలోని డబ్బు పొలిమేర దాటి పోవు దారులలో అంగడిదారియే వెడల్పైనది. పైరెండి చేసిన అప్పును గూర్చి అందరమును మాటలాడుదుము. పెండ్లిలో పెట్టె మీది పేరును చూచి మోజుపడి చేసిన అప్పును గూర్చి ఎవరును నోరు విప్పరు. రెండును ఒకే ఖాతాలో వ్రాయబడును, వడ్డీయు ఒక్కటియే.

మన మెట్టసీమలో పూర్వము వస్తువులకు చీటీలు లేవు. కురుమవారి నల్లగొంగడిని తీసికొనుడు. దక్కని గొఱ్ఱెల ఉన్నిని కత్తిరించి, ఏకి, వడికి, నేసి, చింతగింజల గంజి పట్టించి దానిని సిద్ధము చేయుదురు. కాపరికి అది వానలో గొడుగు, చలిలో దుప్పటి, ఎండలో పందిరి, రాత్రి పరుపు. కొనువాడు మడత విప్పి వెలుతురునకెత్తి చూచును. గుప్పిట బిగించి నలిపి చూచును. అంచును వ్రేళ్ళతో తడవును. అంతటితో ఆగక, నేసినదెవరని అడుగును. ఆ పేరే ముద్ర. నేత పలుచనైనచో మరుసటి సంతలో అదే మనిషి ఎదురుపడును. నలుగురిలో తల వంచుకొనవలసి వచ్చును. నాణ్యమును కాపాడినది ఆ సిగ్గే గాని చట్టము కాదు.

అంగడి పెద్దదయ్యెను. చేసినవాడెవడో కొనువానికి తెలియకపోయెను. ముఖపరిచయము లేని చోట మాట యిచ్చుటకు పుట్టినదే చీటీ. కావున చీటీని చూచినప్పుడు మొదట అడుగవలసినది దాని అందమును గూర్చి కాదు. ఈ మాట ఇచ్చినవాడెవడు, మాట తప్పిన వానిని పట్టుకొను దారి యేది యని. అగ్‌మార్కును తీసికొనుడు. 1937లో చేసిన చట్టము ననుసరించి నెయ్యి, తేనె, కారము వంటి వ్యవసాయ ఫలసాయములను పరీక్షించి వేయు ముద్ర అది. ఐ.ఎస్.ఐ. ముద్ర పారిశ్రామిక వస్తువులకు చెందినది. ఇవి సరుకు కనీసపు ప్రమాణమును అందుకొన్నదని మాత్రమే చెప్పును. లోకములో మేలైనదని చెప్పవు. కంపెనీ పేరన్ననో, అది ఆ కంపెనీ తనకు తాను ఇచ్చుకొను మాట. అందులో నిజము లేదని నేననను. బోరుబావిలో దింపెడు మోటారును చౌకగా వచ్చినదని కొని, ఏటేట చుట్టు కట్టించుకొనుచు, పైకెత్తు కూలి ఇచ్చుకొనుచు, మూడేండ్లకు రెండు మోటార్ల వెల చెల్లించిన రైతులు మనలో లేకపోలేదు. మంచి పేరునకు కొంత ధర యిచ్చుట అచ్చట తెలివియే. కాని అంగీ రొమ్ముపై కుట్టిన చిన్న బొమ్మకు ఇచ్చెడు ధరను దారమునకో, కుట్టుపనికో ఇచ్చిన ధరగా భావింపరాదు. అది ఎదుటివాని చూపునకిచ్చు ధర.

ఈ విషయమున మనకు మిక్కిలి ఖరీదైన పాఠము చెప్పినది ప్రత్తి విత్తనపు పొట్లము. 2002లో బీటీ ప్రత్తికి దేశమున అనుమతి లభించెను. 450 గ్రాముల పొట్లము తొలుత 1,600 రూపాయలకు పైగా పలికెను. నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నియంత్రణ సంఘము నెదుట వాదించిన మీదట, 2006లో ఆ పొట్లము వెల 750 రూపాయలకు దిగెను. గింజ మారలేదు, వెలయే సగమునకు లోపుగా దిగెను. తరువాత లెక్కకు మిక్కిలి పేర్లతో పొట్లములు వచ్చినవి. పేర్లు వేరైనను, పెక్కింటిలో కాయతొలుచు పురుగును చంపు జన్యువు ఒక్కటియే. మన పొరుగున వరంగల్లు జిల్లా గ్రామములను ఏండ్ల తరబడి పరిశీలించిన గ్లెన్ స్టోన్ అను అమెరికా మానవశాస్త్రజ్ఞుడు 2007లో ఒక వ్యాసమును ప్రచురించెను. ఒక యేడు ఊరంతయు ఒక పేరు వెంట పరుగెత్తుట, మరుసటి యేడు దానిని విడిచి వేరొక పేరును పట్టుకొనుట ఆయన చూచెను. తన చేనిలో తాను పోల్చి చూచుకొని విత్తనము నెన్నుకొను అలవాటు సన్నగిల్లుచున్నదని వ్రాసెను. నల్లరేగడిలో గింజ వ్రేళ్ళ మధ్య పెట్టి ఎంచిన తాతల మనుమలము, పొట్లము మీది బొమ్మను ఎంచుచున్నాము!

బొమ్మను విడిచి చీటీని చదువుడు. 1966 నాటి విత్తనముల చట్టము ప్రకారము ధ్రువీకరింపబడిన విత్తనమునకు నీలిరంగు చీటీ ఉండును. ఉత్పత్తిదారుడు తన బాధ్యత మీద అమ్మెడు విత్తనమునకు లేత ఆకుపచ్చ చీటీ ఉండును. లాటు నంబరు, మొలక శాతము, పరీక్ష జరిగిన తేది, చెల్లుబాటు గడువు – ఇవి దానిపై తప్పక ఉండవలెను. రసీదును, ఖాళీ పొట్లమును, చీటీని పంట ఇల్లు చేరువరకు దాచవలెను. మొలక రానప్పుడు అధికారి అడుగునది వీనినే. రసీదు లేకుండ పది రూపాయలు తగ్గించి ఇచ్చెదనను వ్యాపారి మన హక్కును పది రూపాయలకు కొనుచున్నాడు.

ఇక వస్త్రమునకు వచ్చెదను. ఈ విషయమున మన సీమ కొనునది మాత్రమే కాదు. పేరును పుట్టించినదియు మన సీమయే.

పూర్వము నల్లగొండ జిల్లాలో నుండి, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన పోచంపల్లిని చూడుడు. 1951 ఏప్రిల్ 18వ తేదీన వినోబా భావే అచ్చటికి కాలినడకన వచ్చినప్పుడు హరిజన కుటుంబములవారు సాగునకు 80 ఎకరముల భూమి కావలెనని కోరిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇచ్చెదననిరి. భూదానోద్యమము ఆ సాయంకాలమే పుట్టెను. ఉన్నదానిని విడుచుటకు దేశమునకు దారి చూపిన ఊరును, ఎల్లరును తమ పెట్టెలో నుండవలెనని కోరు చీరను నేయు ఊరును ఒక్కటే కావుట విచిత్రమనిపించును. నాకు మాత్రము ఇందు వైరుధ్యము కనబడదు. వస్తువును ప్రేమించుట వేరు, పోగుచేయుట వేరు.

ఆ చీరకు అంతటి విలువ యెందుకు? నేతకు ముందే నూలుపై రంగు నిలుచును గనుక. మనవారు చిటికి యనెడు ఈ పనిలో, నమూనాను లెక్కించి పోగులను కట్టలుగా చేసి, రంగు పట్టకూడని చోట గట్టిగా చుట్టి కట్టుదురు. రంగులో ముంచుదురు. విప్పి, వేరొక చోట కట్టి, వేరొక రంగులో ముంచుదురు. పిదప మగ్గమెక్కించి, పడుగుపై రంగును పేకపై రంగును సరిగా కలియునట్లు నేయుదురు. ఒక పోగు జరిగినను పువ్వు చెదరును. ఆసు పోయుటలో పట్టుపోగును మేకుల చుట్టు త్రిప్పుచు స్త్రీలు ఒక్క చీరకే వేలసార్లు చేయి ఆడింపవలసి యుండెను, భుజములు అరిగిపోయెడివి. ఆలేరు ప్రాంతపు శారాజీపేట వాసి చింతకింది మల్లేశము తన తల్లి బాధను చూచి, 1999లో ఆసు యంత్రమును సిద్ధపరచెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను. చేతిపని యన్నంతనే కష్టమంతయు చేతిదే కావలెనను వాదమును నేనంగీకరింపను. చీర నాణ్యము తగ్గలేదు. తల్లుల భుజములు మిగిలినవి.

పుట్టపాకలో తేలియా రుమాలు నేయుదురు. నూలును నూనెలోను, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీటిలోను మరల మరల నానబెట్టుట వలన దానికి మెత్తదనమును, ఎఱుపు నలుపు రంగులకు నిలుకడయు వచ్చును. ఒకప్పుడు అవి అరబ్బు దేశములకు పోయి తలపాగలైనవి. అచ్చటి గజం గోవర్ధనగారికి 2011లో, గజం అంజయ్యగారికి 2013లో పద్మశ్రీ బిరుదము వచ్చెను. అటు పాలమూరు వైపు గద్వాలలో నడుమ నూలుబట్ట, అంచును కొంగును పట్టు. రెంటిని కుట్టుటగాక నేతలోనే పోగునకు పోగు మెలివేసి కలుపుదురు. ఎండవేళ ఒంటికి నూలు, పెండ్లిపందిట కన్నులకు పట్టు! నారాయణపేట చీర గళ్ళకును, నిండైన అంచునకును పేరొందినది.

ఈ పేర్లకు చట్టపు కంచె యున్నది. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము 2003 సెప్టెంబరులో అమలులోనికి వచ్చెను. 2004–05 ప్రాంతమున పోచంపల్లి ఇక్కత్తు అందు నమోదయ్యెను. తరువాతి కాలమున గద్వాల, నారాయణపేట చీరలును, 2020లో పుట్టపాక తేలియా రుమాలును నమోదైనవి. దొంగపేరుతో అమ్మినవానికి ఆరు నెలల నుండి మూడేండ్ల వరకు శిక్షయు, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. ఐనను అంగడిలో పోచంపల్లి నమూనాను యంత్రముతో అచ్చొత్తిన కృత్రిమ నూలు చీర, నేసిన చీర వెలలో చిన్న పాలునకే దొరకుచున్నది. కూలిచేసి బ్రతుకు ఇల్లాలు దానిని కట్టుటలో తప్పేమియు లేదు; ఆమె కొనగలిగినది అదియే. దానిని పోచంపల్లి యని అమ్ముటయే దొంగతనము. ఆ మాటను నమ్మి ఎక్కువ వెల ఇచ్చినవాడు ఒకసారి నష్టపోవును. చిటికి కట్టువాడు ప్రతిదినమును నష్టపోవును.

గుర్తుపట్టుట కష్టము కాదు. చీరను త్రిప్పి చూడుడు. నేసినదైన రంగు రెండు వైపుల సమానముగా నుండును. అచ్చొత్తినది వెనుక వెలవెలబోవును. నేతలో ఒక రంగు మరియొక రంగును కలియు చోట గీత కత్తితో కోసినట్లుండదు, ఈకవలె కొంచెము చెదరి యుండును. దానిని లోపమనుకొని, గీతలు సూటిగా నున్నదానినే మేలైనదని తీసికొనువారు కలరు! పట్టు సంగతి తెలియవలెనన్న అంచు నుండి ఒక పోగు లాగి నిప్పు చూపుడు. పట్టు వెండ్రుక కాలిన వాసన వేసి, నలిపిన పొడియగును. కృత్రిమ నూలు కరిగి గట్టి పూస యగును.

ముద్రలలో ఒక చిక్కు కలదు. 2006లో వచ్చిన చేనేత ముద్ర చేతిమగ్గముపై నేసినదని చెప్పును. పట్టు అవునో కాదో చెప్పదు. 2004లో వచ్చిన పట్టు ముద్ర పట్టు స్వచ్ఛమైనదని చెప్పును. మరమగ్గముపై నేసిన పట్టుకును అది ఉండవచ్చును. భౌగోళిక సూచిక ఊరిని, పద్ధతిని చెప్పును. ఒక ముద్రను చూపి మూడింటి వెల అడుగు వ్యాపారికి ఇది తెలియును, మనకును తెలియవలెను.

ఇక పంచాయతీ చేయదగినది. మన సభలకు అధికారి వచ్చినను, ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసినను శాలువా కప్పుదుము. మెరయుచు, మరునాటికి పెట్టె అడుగున చేరి, ఇంకొకరి సన్మానమునకు మరల బయలుదేరెడు ఆ శాలువాలను మీరెరుగుదురు. అదే సొమ్ముతో రెండు మూడు గజముల చేనేత తువ్వాలును ఇచ్చినచో ఆయన దానిని తుడుచుకొనును, భుజముపై వేసికొనును, చిరుగువరకు వాడును. ఒక్కొక్క పంచాయతీ ఏటికి పది శాలువాలు కొనునని లెక్క వేసికొనుడు. మన మండలమునకు ఎన్ని యగునో మీ కార్యదర్శినే అడుగుడు.

రెండవది అంతకంటె ముఖ్యము. భౌగోళిక సూచిక సంఘము పేర నమోదై యున్నను, ఆ ముద్రను తన సరుకునకు వాడుకొనదలచిన నేతగాడు అధీకృత వినియోగదారుగా తన పేరును చెన్నైలోని కార్యాలయమున నమోదు చేయించుకొనవలెను. దరఖాస్తును నింపుట, నేతవృత్తికి తగిన ఆధారములను జతపరచుట పలువురికి చేతకాని పనులు. మగ్గములున్న ఊరి సభ్యులు వచ్చు సమావేశమునకు ముందే తమ వార్డులో ఎన్ని మగ్గములు ఆడుచున్నవో, వానిలో ఎందరి పేర్లు అట్లు నమోదైనవో వ్రాసికొని రావలెనని కోరుచున్నాను. దరఖాస్తు పత్రములను సంఘము నుండి తెప్పించి మీ కార్యాలయమున ఉంచుడు.