తర్కా పంచే ముందు ఖాతా చదవాలి
(సుల్తాన్ బజార్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. మాకూ ఆస్తి పంపకాలకూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఇంటి పెద్ద కన్నుమూశాక పిల్లలు ఆయన లెక్కల పుస్తకం పట్టుకుని మా దగ్గరకు వస్తుంటారు. "సార్, అబ్బా ఏం రాశారో కొంచెం చదివిపెట్టండి" అంటారు. వాళ్లది ఇంగ్లీషు చదువు. తండ్రి రాసుకున్నది ఉర్దూలో, అదీ షికస్తా గొలుసుకట్టు రాతలో. మరీ పాత పుస్తకాలైతే అంకెలు కూడా రఖమ్ గుర్తుల్లో ఉంటాయి. అట్లా చదవగా మాకు తెలిసిన సంగతులే ఇక్కడ మనవి చేస్తున్నాం.

ఈ సుల్తాన్ బజార్ 1933 దాకా రెసిడెన్సీ బజారు. సాహుకార్ల ఖాతా పుస్తకాలు చూసిన వీధి ఇది. ఇప్పుడు పక్కనే బ్యాంక్ స్ట్రీట్ ఉంది. అరువు రూపం మారింది గాని అరువు పోలేదు. దుకాణం ఖాతా, చిట్టీ, బంగారం తాకట్టు, బ్యాంకు లోను, క్రెడిట్ కార్డు, చివరికి సెల్‌ఫోనులో తీసుకున్న అప్పు. ఈ చివరిది ఇంట్లోవాళ్లకు తెలియనే తెలియదు.

షరియత్‌లో వరుస స్పష్టంగా ఉన్నది. మొదట కఫన్ దఫన్ ఖర్చు, తర్వాత ఖర్జ్, ఆ తర్వాత మిగిలినదాంట్లో మూడోవంతుకు మించకుండా వసీయత్, ఆ పైన వారసుల వాటాలు. మన ఇళ్లల్లో జరిగేది మాత్రం తలకిందులు. చెహ్లుమ్ కాకముందే ఇంటి వాటాల మాట వస్తుంది, అప్పుల మాట ఎవరూ ఎత్తరు.

కాబట్టి ముందుగా మునిసిపల్ మరణ ధ్రువపత్రం తీసుకొని, ప్రతి బ్యాంకుకూ రాతమూలకంగా తెలియజేయాలి. బాకీ ఎంతో కాగితం మీద అడగాలి. లోనుతోపాటు బీమా ఉన్నదా అని తప్పకుండా అడగాలి. ఉంటే బాకీ దానితోనే తీరవచ్చు. అంతవరకు అబ్బా ఏటీఎం కార్డుతో డబ్బు తీయవద్దు. తీర్చిన తర్వాత "బాకీ లేదు" అన్న పత్రం తీసుకోవాలి, సిబిల్ వంటి సంస్థల రికార్డులో ఆ ఖాతా మూసినట్లు బ్యాంకు చేత రాయించాలి. తండ్రి అప్పు కొడుకు రికార్డులోకి రాదు. కొడుకు కలిసి సంతకం చేసి ఉంటేనో, జమానతు ఉంటేనో అది వేరే సంగతి.

అన్నిటికన్నా ఎవరూ తెరవని ఖాతా ఒకటుంది. అది నిఖానామా. చెల్లించని మహర్ కూడా ఖర్జే. జనాజా పక్కన ఏడుస్తున్న ఆడమనిషిని "మాఫ్ అనండి అమ్మీజాన్" అని పదిమంది ఒత్తిడి చేయడం మాకు ఎన్నడూ నచ్చలేదు. ఆ స్థితిలో అన్న మాటను ఇష్టపూర్వకమని ఎట్లా అంటాం? హైదరాబాదు నుంచి వెళ్లిన ఒక కేసులో 1950లో సుప్రీంకోర్టు చెప్పినదేమిటంటే, తాకట్టు లేని ఇతర అప్పులకన్నా మహర్‌కు ముందువరుస లేదు, వాటితో సమానమే. ముందు కాకపోయినా, అందరికన్నా వెనక మాత్రం కాదు గదా! నిఖానామా పోతే ఖాజీ దగ్గర సియాహా ఉంటుంది. నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డులోనూ విచారించవచ్చు.

ఒక దర్జీ 8 లక్షల 80 వేలు వదిలి పోయాడనుకుందాం. దఫన్ ఖర్చు 20 వేలు, బ్యాంకుకు 2 లక్షలు, బట్టల దుకాణానికి 80 వేలు, భార్య మహర్ లక్ష. ఇవి పోగా 4 లక్షల 80 వేలు. తల్లిదండ్రులు లేరు, వసీయత్ లేదు. భార్యకు ఎనిమిదోవంతు 60 వేలు, కొడుకుకు 2 లక్షల 80 వేలు, కూతురికి లక్షా 40 వేలు. మహర్ మరిస్తే ఆ తల్లి చేతికి వచ్చేది 72 వేల 500 మాత్రమే. గుర్తుంచుకుంటే లక్షా 60 వేలు.

అప్పు ఆస్తిని మించితే? వారసుడు తన వాటాకు వచ్చినదాని మేరకే చట్టం ముందు బాధ్యుడు, సొంత జీతం నుంచి కట్టనక్కరలేదు. వసూలు మనుషులు వచ్చి బెదిరిస్తే కాగితం చూపమనండి. సంతోషంగా కడతామంటే అది పుణ్యం.

ఇక ఆయనకు రావలసినవి. ఖాతాలో ఎదుటి పుట కూడా చదవాలి. బాకీదారు మంచిగా ఇస్తే సరే. కోర్టుకు వెళ్లి వసూలు చేయాలంటే మాత్రం 1925 వారసత్వ చట్టం ప్రకారం సక్సెషన్ సర్టిఫికెట్టు కావాలి; నగరంలో సిటీ సివిల్ కోర్టులో దరఖాస్తు చేయాలి. మామూలు చేబదులుకు గడువు మూడేళ్లే. పుస్తకంలో తేదీ ఉన్న పుటను చింపవద్దు, ఆ పుస్తకాన్ని రద్దీవాడికి వేయవద్దు.