మహిళా గ్రంథాలయమునకు మనమేమి ఇయ్యవలెను?

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున స్త్రీలకై ప్రత్యేక గ్రంథాలయ మొకటి నెలకొల్పవలెనని కార్యవర్గమువారు నిశ్చయించి, ఇంటింటి నుండి పుస్తకదానము కోరియున్నారు. వచ్చిన మూటలకు పట్టిక వ్రాయు పని నాకు అప్పగించిరి. లెక్కలు వ్రాయువానికి అంతకంటె ఏమి కావలెను? వ్రాసితిని. కాలము చెల్లిన పరీక్షల గైడ్లు, అట్టలూడిన వారపత్రికలు, ఒకే వ్రతకల్పము ఏడు ప్రతులు! ఎవరిని నొప్పించుటకును ఈ మాట చెప్పుట లేదు. నేనిచ్చిన మూటయు అట్టిదే. కాని స్త్రీలకై పెట్టు గ్రంథాలయమునకు ఈ ఊరి స్త్రీలు తమ చేతితో వ్రాసిన కాగిత మొక్కటియు రాలేదు.

వారు వ్రాయకపోలేదు. మనము దాచలేదు.

విజయనగర ప్రభువుల నాటి రాజమహలు నేటికిని మన చంద్రగిరి కోటలో నిలిచియున్నది. ఆ ప్రభువులలో శ్రీకృష్ణదేవరాయల కుమార్తెగా చెప్పబడు మోహనాంగి 'మారీచీ పరిణయము' అను కావ్యము రచించెనని సాహిత్య చరిత్రలలో చదువుచున్నాము. కావ్యము మాత్రము దొరకుట లేదు. తాళ్లపాక తిమ్మక్క 'సుభద్రా కళ్యాణము', మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టి 1817లో పరమపదించిన తరిగొండ వెంగమాంబ 'ద్విపద భాగవతము' మనకు దక్కినవన్న, ఎవరో ఒకరు ప్రతులు కాపాడుటచేతనే.

దాచుటలో కూడ ఒక చిక్కు కలదు. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు ప్రతాపసింహ మహారాజు ఆస్థానమున నుండిన ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రచించినది. పైడిపాటి వెంకటనరుసు గారు 1887లో దానిని అచ్చువేయించిరి. ఆ ముద్రణమున కవయిత్రి తన పుట్టుపూర్వోత్తరములు చెప్పుకొనిన పీఠిక లేదు. కొన్ని పద్యములును లేవు. బెంగుళూరు నాగరత్నమ్మ గారు వ్రాతప్రతి సంపాదించి, అచ్చుప్రతితో పోల్చిచూచి, 1910లో గ్రంథమును సమగ్రముగా ప్రకటించిరి. అశ్లీలమను ఆరోపణపై ఆనాటి ప్రభుత్వము దానిని నిషేధించెను. స్వాతంత్ర్యము సమీపించువరకు ఆ నిషేధము తొలగలేదు. ఆ రచన మంచిచెడ్డల మాట అటుంచుడు. చేతివ్రాత మిగిలియుండెను గనుకనే, వ్రాసిన ఆమె తన్ను గూర్చి ఏమి చెప్పుకొనెనో మనకు తెలియవచ్చినది.

పారిస్ నగరమున మార్గరీత్ డ్యురాన్ అను ఆమె 1897లో స్త్రీలే నడుపు దినపత్రిక నొకదానిని స్థాపించెను. 1931లో తాను కూర్చిన పుస్తకములను, లేఖలను, పత్రములను ఆ నగరమునకే దానమిచ్చి, 1936లో మరణించు వరకు ఆ గ్రంథాలయమును తానే చూచుకొనెను. అంత దూరము పోనేల? మన దాపున తిరుపతిలో 1983లో వెలసిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయము కలదు. మన బీరువాలో భద్రపరుపలేని అరుదైన కాగితములు దొరికినచో, ముందుగా అచటివారి నడిగి, వారు సమ్మతించినచో అప్పగింపవచ్చును. తాళపత్రములైనచో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థవారిని అడుగుట మేలు.

ఇక నా సంగతి. మా అమ్మగారికి రెండు నోటు పుస్తకము లుండెడివి. ఒకదానిలో నలుగు పాటలు, గొబ్బి పాటలు, అప్పగింతల పాటలు. రెండవదానిలో పాల పద్దులు, ముగ్గులు, ఎవరి ఇంట ఏ బిడ్డ ఏనాడు పుట్టినదో ఆ వివరములు. ఆమె పోయిన మరుసటి సంవత్సరము అటక దులిపించి పాత కాగితములు తూకమునకు వేసితిని. పాటల పుస్తకము అందులో పోయినది. ఊరందరి పొలముల లెక్క పైసాతో సహా చూచువాడను, ఇంటి పుస్తకము విప్పి చూడకనే తక్కెడలో పెట్టితిని. చెల్లెలి కూతురి పెండ్లిలో అప్పగింతల పాట రెండు చరణములు పాడి ఆడవారు ఆగిపోయిరి. "మూడోది మీ అమ్మకే తెలుసు" అనిరి. నేను లేచి పందిరి బయటికి పోయితిని.

ఆ తరువాత ఇట్టి పుస్తకములకై ఇండ్లు తిరుగ మొదలిడితిని. మా వీధిలోని ఒక పెద్దమ్మ కొడుకు ఆమె నోటు పుస్తకమును సంతోషముగా తెచ్చి నా చేతిలో పెట్టెను. వెనుకనే ఆమె వచ్చినది. "నన్నొక మాట అడగాల్నా వద్దా నాయనా? అందులో నా ఏడుపులు కూడా ఉండాయి" అన్నది. తిరిగి ఇచ్చివేసితిని. నెల దినములకు ఆమెయే నాలుగు పుటలు దారముతో కుట్టి మూసి, తక్కిన పుస్తకము పంపినది. ఆ నాలుగు పుటలను విప్పరాదని పట్టికలో వ్రాసియున్నాను. వ్రాసిన ఆమె జీవించియున్నచో ఆమెను అడుగవలెను. కొడుకు సమ్మతి, మగని సమ్మతి చాలవు. లేఖలైనచో, అందు ప్రస్తావింపబడిన ఇతరుల మర్యాదను కూడ చూడవలెను.

ఇచ్చువారికి రెండు మాటలు. తుప్పుపట్టిన గుండుసూదులు మెల్లగా తీయుడు. చినిగినచోట టేపు అంటింపకుడు. కొన్నేండ్లకు దాని జిగురు కాగితమునే తినివేయును. వ్రాసినదెవరో, ఏ యింటివారో, సుమారుగా ఏ కాలమో వేరొక చీటీపై వ్రాసి జతచేయుడు. "ఫలానావారి భార్య" అని కాదు, ఆమె పేరే వ్రాయుడు. వ్రాతలో ఒకటి రెండు అక్షరములు తప్పియున్నను దిద్దకుడు. ప్రతి కాగితమునకు రసీదు ఇత్తును; రసీదు లేనిదే నాకు నిద్ర పట్టదని మీరెరుగుదురు.

మిగిలిన మా అమ్మగారి పుస్తకము, పాల పద్దులది, ఈ బల్లపై నున్నది. దానిని నేడు గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాను. పట్టికలో ఒక గడి మాత్రము ఖాళీగా నున్నది. పదునారవ పుట మొదలు మూడు పుటలు వేరొక చేతివ్రాత. గుండ్రని అక్షరములు, 'ళ' తోక పొడవుగా లాగు అలవాటు. మా అమ్మకు జబ్బు చేసిన నెలలో ఎవరో వచ్చి పద్దు వ్రాసిపెట్టినట్లున్నది. సభ ముగిసిన పిమ్మట పెద్దవారు ఒకసారి వచ్చి చూచి, ఆ చేయి ఎవరిదో గుర్తుపట్టగలిగినచో పేరు చెప్పుడు. కలము సిద్ధముగా నుంచితిని.