గుణదల నుంచి బందరు దాకా

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్లు దాటితే కానూరు. ఉమ్మడి రాష్ట్రంలో మొట్టమొదటి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ, వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ కాలేజీ, 1977లో మొదలైంది ఇక్కడే. మూడేళ్లకు ఆ కాలేజీ పెట్టిన సిద్ధార్థ అకాడమీయే గుణదల వైపు ఒక మెడికల్ కాలేజీ తెరిచింది.

ఆ తర్వాతి కథ చాలామందికి గుర్తులేదు. కొన్నేళ్లకే ప్రభుత్వం ఆ మెడికల్ కాలేజీని తన చేతుల్లోకి తీసుకుంది. ప్రైవేటు కాలేజీ సర్కారు కాలేజీ అయింది! క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ రాష్ట్రం చట్టం చేసింది కూడా ఆ రోజుల్లోనే, 1983లో. అప్పటినుంచి ఎందరో సామాన్యుల పిల్లలు గుణదలలో తక్కువ ఫీజుతో డాక్టర్లయ్యారు.

మరి ఇప్పుడు?

2023లో మచిలీపట్నంలో, అంటే మన బందరులో, కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. బందరు ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన కాలేజీ అది. కానీ ఆ ఏడాది ఉత్తర్వుల ప్రకారం కొత్త కాలేజీల రాష్ట్ర కోటాలో సగం సీట్లకే ఏడాదికి 15 వేల రూపాయల ఫీజు. 35 శాతం సీట్లకు 12 లక్షలు, ఎన్నారై కోటా 15 శాతానికి 20 లక్షలు. బోర్డు మీద ప్రభుత్వం పేరుంది, సగం సీట్ల మీద మాత్రం బజారు ధర ఉంది. ఇది సరికాదు.

కాలేజీ నడిపే ఖర్చును బడ్జెట్ మోయాలి. ఆటోనగర్ మెకానిక్ కూతురికైనా ఆమె ర్యాంకు ఒక్కటే సీటును నిర్ణయించాలి. గుణదలలో ఒకప్పుడు ప్రభుత్వమే ఆ దారి పట్టింది.