ఎండాకాలంలో హార్డ్ డిస్కు



మన రామగుండం, ఆదిలాబాద్ ఎండల సంగతి మీకు చెప్పనక్కరలేదు. మే నెలలో కొన్ని రోజులు నీడపట్టునే 45 డిగ్రీలు దాటుతుంది. నడుస్తున్న కంప్యూటరు పెట్టె లోపల అంతకంటే ఎక్కువే. అందులో హార్డ్ డిస్కు పళ్లెం నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుతుంటుంది. చాలా డిస్కులకు కంపెనీవారు పెట్టిన హద్దు 60 డిగ్రీలు. 50 దాటకుండా చూసుకోవడం మేలు. కొందరు దుమ్ము పడుతుందని గుడ్డ కప్పి మరీ నడుపుతారు, అదొక ముచ్చట!

ఫైలు తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పడితే వెంటనే వైరస్ అనకండి. పాడైన జాగాను చదవలేక డిస్కు అక్కడే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండవచ్చు. చిరిగిన సర్వీసు రిజిస్టరుతో మనం పడ్డ అవస్థే అది. అందుకని ముందు పి.పి.ఓ. కాపీ, ఇంటి దస్తావేజులు, పాత ఫొటోలు వేరే డిస్కులోకి ఎక్కించండి. రేపు మన తరువాత ఫ్యామిలీ పెన్షన్‌కు ఇంటావిడ వెతుక్కునేది ఆ కాగితాలే. టకటక చప్పుడు వస్తుంటే మాత్రం కాపీ కూడా చేయబోకండి, ఆపేసి తెలిసినవారికి చూపండి.

ఆ తరువాతే మరమ్మతు. డిస్కు తన ఆరోగ్యం లెక్క తానే రాసుకుంటుంది, దానిని 'స్మార్ట్' అంటారు. అది చూపే ప్రోగ్రాము మనవళ్లతో పెట్టించుకోండి. పాడైన సెక్టార్ల లెక్క పెరుగుతుంటే డిస్కు మార్చవలసిందే. వేడి ఒక్కటే ఉంటే కరెంటు తీసి ఫ్యాను దుమ్ము దులపండి, పెట్టెను గోడకు జానెడు దూరం జరపండి. కూలరు తడిగాలి నేరుగా తగలనివ్వకండి.